అయిందా సంబరం?

పొద్దున్నే పిచ్చుకకు జడ వేయడమంటే కదిలే బట్ట మీద కుట్టు వేయడమే. ఎనిమిదేళ్ల ఆ పిల్ల తల ఒకచోట నిలవదు. దువ్వెన పాపిట దాకా వచ్చేసరికి మెడ ముందుగది వైపు తిరిగిపోతుంది. అక్కడ కిటికీ పక్కన పాత కంప్యూటరు, దాని ముందు వాళ్ల చిన్నత్త.

"తల తిప్పకు. పాపిట వంకరపోతుంది," అంది తల్లి.

"పోతే పోనీలే అమ్మా. చిన్నత్తా! సుడో కొట్టావా?"

"ఏం చూడాలట?" తననూ పిలుస్తున్నారేమోనని తల్లి ఆశగా అడిగింది.

ముందుగదిలోంచి ఒక నవ్వు, ఒళ్లోంచి ఒక నవ్వు. "చూడో కాదమ్మా, సుడో! కంప్యూటరుకి అది చెప్తే ఇంక నోరెత్తదు, ఏం చెప్తే అది చేస్తుంది."

అలాంటి మాటొకటి తనకు తెలిస్తే ఎంత బాగుండు అనుకుందామె. గ్లాసుడు పాలు తాగించడానికి తను రోజూ గొంతు చించుకోవాల్సిందే.

ఆడపడుచు ఈ ఊళ్లో ఉద్యోగం వచ్చి వీళ్లింట్లో దిగక ముందు బడి నుంచి రాగానే పిచ్చుక తల్లి కుట్టుమిషను కిందే చేరేది. కత్తిరించగా రాలిన ముక్కలు ఏరి బొమ్మలకు దుప్పట్లు పరిచేది. ఇప్పుడు చెప్పులు ఎగిరి ఒక మూలకు, సంచి ఇంకో మూలకు, పిల్ల కంప్యూటరు దగ్గరికి. మిషను కింద ముక్కలు అలాగే పడి ఉంటున్నాయి.

ఆ కంప్యూటరు మూలన పడేసిందే. తెరుచుకోవడానికే యుగం పట్టేది. ఆడపడుచు దాన్ని దులిపి, పాత సిస్టమ్ తీసేసి, లినక్స్ అనే కొత్తది వేసింది. గుర్రంలా లేచి పరుగందుకుంది.

"ఇది ఎవరి సొత్తూ కాదు వదినా. ఎవరైనా విప్పి చూడొచ్చు, తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు," అని సంబరంగా చెప్పింది. "పెరిగాక విప్పుకోవచ్చని పిచ్చుక గౌను మడతలో నువ్వు బట్ట వదిలి కుడతావు చూడు, అలాంటిది."

పోలిక బాగుందని సంతోషించాల్సింది పోయి పిచ్చుక తల్లికి కడుపు మండింది. పిల్ల చాలదా, నా గౌను కూడా పట్టుకెళ్లి ఆ పెట్టెలో పెట్టాలా? ఆమె చదువు పదో తరగతి దాటకుండానే ఆగిపోయింది. తెర మీది ఇంగ్లీషు ముక్కలు కూడబలుక్కునేలోపే మారిపోయేవి. ఒకటి రెండుసార్లు పక్కన కూర్చుంది. ఎప్పుడు నవ్వాలో తెలియక, వంటింట్లో పనుందని లేచి వచ్చేసింది.

ఒక సాయంత్రం పాలు పట్టుకెళుతూ గుమ్మం అవతలే ఆగిపోయింది. లోపల ఆడపడుచు అడుగుతోంది. "ఇక్కడ మీ అమ్మయితే ఏమంటుందే?"

పిచ్చుక నడుం మీద చెయ్యి వేసుకుంది. అచ్చు తనలాగే. "అయిందా సంబరం?" అంది, ఆ సాగదీత కూడా తనదే. ఇద్దరూ విరగబడి నవ్వారు.

ఆమె పాలు వంటింట్లోకి తిరిగి తీసుకెళ్లి పొయ్యి పక్కన పెట్టింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. కన్నకూతురితో నన్ను వెక్కిరింపిస్తోందే!

రెండు రోజులకే ఆమెకు అదను దొరికింది. పిచ్చుక క్లాసులో పిల్లలందరూ కలిసి కార్ల పందెం ఆట ఒకటి ఆడుతున్నారు. అది కావాలని పిల్ల పేచీ పెట్టింది. ఆడపడుచు ఎన్ని తంటాలు పడ్డా ఆట తెరుచుకున్నట్టే తెరుచుకుని మూసుకుపోయింది.

"దొంగాట ఆడకుండా కాపలా పెట్టుకున్నారు పిచ్చుకా. ఆ కాపలావాడు లినక్స్ వాళ్లను గుమ్మంలోంచే పంపించేస్తాడు. నేనేం చెయ్యలేను."

పిల్ల ఏడ్చింది. తల్లి దగ్గరికి తీసుకుని వీపు నిమిరింది కానీ, లోపలెక్కడో చల్లగా అనిపించింది. అందరి ఇళ్లలో ఆడేది దీని దగ్గర ఆడదన్నమాట! నేను తెచ్చిపెడతాను. అప్పుడు ఎవరి మెడ చుట్టూ చేతులు వేస్తుందో చూద్దాం.

భర్త బస్సు డ్రైవరు. సంగతి చెబితే చెప్పులు వేసుకుంటూ అన్నాడు, "మీ వదినామరదళ్ల మధ్య సందు మరీ ఇరుకు. నేను బండి పెట్టలేను." హారను కూడా కొట్టకుండా తప్పుకున్నాడు.

సెలవు రోజు పొద్దున రిపేరు షాపు అతను వచ్చేసరికి ఆడపడుచు తల తుడుచుకుంటోంది. పిచ్చుక నేల మీద కూర్చుని గోడకు కాళ్లు తన్నిపెట్టి ఉంది.

"పాత సిస్టమ్ మళ్లీ వెయ్యమన్నారు కదక్కా? మొత్తం తుడిచేస్తాను. ఇందులో ఉన్నవన్నీ పోతాయి. పర్లేదా?"

"పర్లేదు, తుడిచెయ్యండి."

పిచ్చుక ఒక్క గెంతులో వచ్చి కంప్యూటరుకు అడ్డం పడింది. "వద్దు! మా ఆట పోతుంది!"

"నీ కార్ల ఆట కోసమేనే!"

"నాకు కార్లొద్దు! నువ్వు మంచిదానివి కాదు!"

ఆడపడుచు తువ్వాలు పక్కన పడేసింది. "ఒక్కమాట నాతో అనకుండా ఏంటి వదినా ఇది?"

"నీతో అనాలా? నా పిల్లను నా ముందే ఎత్తుకుపోయినప్పుడు నువ్వు నాతో అన్నావా?" ఆమె గొంతు తనకే కొత్తగా వినిపించింది. "చదువుకోనిదాన్నే. నా మాటలు మీకు నవ్వులాటే. అయినా నేను కన్నదాని చేత నన్ను వెక్కిరిస్తావా? అయిందా సంబరం, అయిందా సంబరం అని ఇద్దరూ ఇరగబడి నవ్వలేదూ? నా చెవులతో విన్నాను!"

షాపు అతను "టీ తాగొస్తానక్కా" అని బయటికి నడిచాడు.

ఆడపడుచు వంగి కంప్యూటరులో వాళ్ల ఆట తెరిచింది. పిచ్చుక ముక్కు ఎగబీల్చి, తల్లి కొంగు పట్టుకుని లాగి కుర్చీలో కూలేసింది. "ఆడు," అంది కోపంగా.

తెర మీద ఒక ఉడుత. ఎవరో తయారుచేసి ఊరికే పంచిన ఆట. గట్ల మీద గెంతుతూ గింజలు ఏరుకోవాలి. మీట నొక్కితే ఉడుత కదిలింది. గింజ దొరకగానే పైన అక్షరాలు వెలిగాయి. అచ్చంగా తను చదవగలిగే అక్షరాలు. "జేబులో వేసుకో, ఒలకబొయ్యకు."

ఆమె వేలు ఆగిపోయింది. ఇంకాస్త ముందుకు వెళితే, "అంచుకి పోకు. పడితే నన్ననకు." చదువుతూ ఉండగానే ఉడుత గోతిలో పడింది. తెర నల్లబడింది. మధ్యలో పెద్ద అక్షరాలు.

"అయిందా సంబరం? లే. దులుపుకో."

"నీకు ఇంగ్లీషు రాదన్నావు కదా," అంది పిచ్చుక, ఇంకా మూతి ముడుచుకునే. "అందుకని ఆటకే నీ మాటలు నేర్పాం. అన్నీ అయ్యాక చూపిద్దామనుకున్నాం. నువ్వేమో తుడిచెయ్యమంటావు."

పిచ్చుక తల్లికి తల కొట్టేసినట్టయింది. పిల్లను గుండెకు అదుముకుని ఏడ్చేసింది. ఆడపడుచు కుర్చీ పక్కన కింద కూర్చుంది.

"నవ్విన మాట నిజమే వదినా. అది నీలా అంటుంటే ముద్దొచ్చి నవ్వాను. నిజం చెప్పనా? నాకూ కుళ్లే. రోజంతా నా పక్కనే ఉంటుంది, నోరు తెరిస్తే అన్నీ నీ మాటలే. ఒక్కటన్నా నాది పెడదామే అంటే ఒప్పుకోదు. ఉడుతకి అత్త ఎందుకు అంటుంది."

ఏడుపులోనే ఆమెకు నవ్వొచ్చింది. "పెట్టవే పాపం. ఉడుతకైనా మేనత్త ఉండొద్దూ?"

"ఆలోచిస్తా," అంది పిచ్చుక. అత్త వైపు తిరిగి, "కార్ల ఆట ఎప్పటికీ రాదా?" అని అడిగింది.

"ఇందులో ఇప్పట్లో రాదు."

"మరి దానికోసం నా స్నేహితురాలింటికి వెళ్తా." మొహం కాస్త మాడింది, కానీ ఏడవలేదు.

షాపు అతను తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "తుడవమంటారా అక్కా?"

"తుడవాల్సింది కంప్యూటరు కాదులే నాయనా," అని ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. అతన్ని పంపించేసి మళ్లీ తెర వైపు తిరిగింది. ఆ నల్లటి తెర మీద మాట ఇంకా అలాగే ఉంది. తదేకంగా చూసి తల అడ్డంగా ఊపింది.

"నేనలా అననే."

"అంటావు! రోజూ అంటావు!"

"సంబరం సరే. పడ్డ పిల్లను ఉత్త 'లే' అంటానా ఎప్పుడైనా? 'లేమ్మా' అంటాను."

పిచ్చుక ఆలోచించి ఒప్పుకుంది. ఆడపడుచు చెయ్యి చాచబోతే ఆమె కుర్చీ ముందుకు లాక్కుంది. "నువ్వుండు. నేనే మారుస్తాను. ముందు ఆ చూడో ఏదో కొట్టాలి కదా?"

ఇద్దరూ ఆమె మొహంలోకి చూశారు, నవ్వొచ్చో లేదో తెలియక. ఈసారి అందరికన్నా ముందు నవ్వింది ఆమే.