మంచిగున్నం బిడ్డా

తెల్లవారుతుంటే నాచారం మీద మంచు పరుచుకుంది. ఫ్యాక్టరీ గొట్టాల పొగ ఏదో, మంచు ఏదో తెలియని ఆ మసకలో గల్లీలన్నీ ఇంకా కలగంటున్నట్టే ఉన్నాయి. తెలంగాణ ఇవాళ వస్తుంది, రేపు వస్తుందని చాయ్ హోటళ్ళ దగ్గర జనం చెప్పుకుంటున్న రోజులవి. వెంకటనర్సమ్మ మాత్రం నల్లా ముందు పీట వేసుకుని నీళ్ళ కోసం ఎదురుచూస్తోంది.

నల్లా గురగురమంది. ముందు గాలి వచ్చింది, వెనకాలే నీళ్ళు. బిందెలో ఆ చప్పుడు వింటూ, చిన్నప్పుడు కాళ్ళు ఆడించిన వాగు గుర్తొచ్చి కళ్ళు మూసుకుంది. వాసన తగలగానే తెరిచింది. ఇవాళా మోరి వాసనే. మురుగు కాలువ కింద నీళ్ళ పైపు పగిలినప్పటి నుంచీ ఇంతే.

"సూసినవా అత్తమ్మా?" గుమ్మంలో కోడలు త్రివేణి. ఆమె చంకలో మనవరాలు సంతోషి, వాంతులై వడలిన తోటకూర కాడలా వేలాడుతోంది. "కాచి ఇచ్చినా పోరికి తగ్గుత లేదు. నిన్న కార్పొరేటర్ నీ ముంగట్నే నిలవడి అడిగిండు గదా! ఏమన్నవు?"

ఏమందో గల్లీ అంతటికీ తెలుసు. ఆయన చేతులు జోడించి "అందరు మంచిగున్నరా అమ్మా?" అన్నాడు. ఇంటి ముందుకొచ్చిన మనిషి అలా అడిగితే లేదంటామా? "మంచిగున్నం బిడ్డా, నీ దయ" అంది వెంకటనర్సమ్మ. పైగా చాయ్ తాగి పొమ్మంది కూడా. వెనకున్న ఆడవాళ్ళు నోరు తెరిచేలోపే ఆయన బండి మలుపు తిరిగిపోయింది.

"గట్ల అడిగితె మంచిగలేమంటరానే? మర్యాదుంటదా?"

"ఆ మర్యాదనే గిలాసల పోసి తాపుదాం పోరికి! నేను లాలాపేట్ల మా అమ్మోళ్ళింటికి పోతున్న. నీళ్ళు మంచిగైనంక వస్త."

త్రివేణి సంచిలో సంతోషి గౌన్లు కుక్కుతుంటే ముసలామె పీట మీంచి లేచి వచ్చింది. ఆ పిల్ల లేని ఇల్లు ఆమెకు ఊహకే అందలేదు.

"పోకే బిడ్డా. ఆయన ఆఫీసుకే పోదాం. నేనే మాట్లాడ్త."

"నువ్వా? పోయి ఆయన పెండ్లాం పిల్లలు మంచిగున్నరా అని అడిగొస్తవు!"

గొడవ విని పక్కింటి ఎలిజబెత్ వచ్చింది. "మా చర్చి ఆడోళ్ళం గల్లీ లైటు కోసం ఆయన దగ్గరికి పోయినప్పుడు అందరం ఒక్కసారే ఒర్లినం. ఆయనకు ఒక్క ముక్క ఇనవడలె. పదిమంది పోదాం గానీ ఒక్కరే మాట్లాడాలె, ఒక్కటే అడగాలె. ఏడ? ఏంది? ఎన్నడు జేస్తవు? గంతే. పెద్దమ్మనే మాట్లాడనీ. ముసలామె మాటకు ఆయన అడ్డం రాడు."

త్రివేణి సంచి పక్కన పెట్టి, కుర్చీలో కాలు మీద కాలు వేసుకుంది. "నేనే కార్పొరేటర్‌ని. మంచిగున్నవా అమ్మా?"

"మంచిగున్న బిడ్డా."

"అగో, మల్ల!"

ఎలిజబెత్ పడీపడీ నవ్వింది. జబ్బు పిల్ల కూడా కిలకిలమంది. ఎన్నిసార్లు అడిగినా ఆ మాటే ముందు దూకేది.

ఆ సాయంత్రం ఆఫీసులో పసుపు వెలుగు, అగరొత్తుల పొగ. ఎలిజబెత్, గల్లీ ఆడవాళ్ళు వెనక నిలబడ్డారు. కార్పొరేటర్ తలెత్తి నవ్వాడు. "అరె, చాయ్ అమ్మ! మంచిగున్నవా?"

ఆ పాత మాటే పెదవుల దాకా వచ్చేసింది. వెంకటనర్సమ్మ త్రివేణి భుజం మీద వాలిన పసి ముఖం చూసింది.

"లేం బిడ్డా," అంది. ఆ మాట ఆమె నోటికే కొత్తగా, నీళ్ళలో వేసిన రాయిలా పడింది. పొద్దున నల్లా నీళ్ళు పట్టి తెచ్చిన సీసా తీసి ఆయన చేతిలో పెట్టింది. "మూత దీసి సూడు. మా గల్లీల లాండ్రీ ముంగట మోరి కింద పైపు పలిగింది. తవ్వి బాగుజెయ్యి. ఎన్నడు జేస్తవు?"

ఆయన మూత తీశాడు. ముఖం తిప్పుకున్నాడు. వెంటనే ఎవరికో ఫోన్ చేశాడు. "శుక్రారం పొద్దుగాల మనుషులొస్తరమ్మా."

"నేనాడ్నే పీటేస్కొని కూసుంట. రాకుంటె శనారం నీ గుమ్మంల కూసుంట. అప్పుడు చాయ్ నువ్వే పొయ్యాలె!"

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. శుక్రవారం మనుషులొచ్చారు, తవ్వారు, కొత్త పైపు వేశారు.

ఆ మరుసటి పొద్దున నల్లా మళ్ళీ గురగురమంది. బిందెలో నీళ్ళ అడుగున ఆకాశం కనిపించింది. లాలాపేట్ సంచి ఖాళీ అయి కొక్కానికి వేలాడుతోంది. త్రివేణి వచ్చి అత్త పక్కనే నేల మీద కూర్చుంది.

"అత్తమ్మా, పెండ్లై వచ్చినకాన్నించి అడుగుతున్న నిన్ను, మంచిగున్నవా అని. ఒక్కనాడు లేదనలె. ఇయ్యాల సూటిగ జెప్పు. మంచిగున్నవా?"

వెంకటనర్సమ్మ బిందెలోని ఆకాశం నుంచి కళ్ళు తిప్పి కోడలిని చూసింది.

"లేను బిడ్డా."

త్రివేణి కళ్ళు నిండాయి. "ఏడ?"

"గీ ఎడమ మోకాలు."

"ఏంది?"

"మండుతది. పొద్దుగాల లేవనియ్యదు."

కొంగుతో కళ్ళు తుడుచుకుని త్రివేణి నూనె గిన్నె కోసం లేచింది. వెనక నుంచి ముసలామె నవ్వు వినిపించింది.

"మూడోది నేనడుగుత. ఎన్నడు జేస్తవు?"

"ఇప్పుడే అత్తమ్మా," అంది త్రివేణి. బిందె నిండి పొర్లుతున్నా ఇద్దరిలో ఎవరూ నల్లా కట్టెయ్యలేదు.