ఎండలో గొడుగు

ఫ్లోరిడాలోని బోకా రేటన్ కాలువలో కంపెనీ గూఢచారి లూమిస్ శవం తేలిన మర్నాడే, అతని జోడీ టార్వర్‌కి న్యూయార్క్ హెడ్డాఫీసు నుంచి పిలుపొచ్చింది.

"మన కంపెనీ మొండిఘటాలు పన్నెండుమంది ఫ్లోరిడాలో, రేకుల షెడ్డులో, బల్లమీద పట్టే కంప్యూటర్ కడుతున్నారు," అన్నాడు సెక్యూరిటీ చీఫ్ గ్రైమ్స్. "దాని సర్క్యూట్ డ్రాయింగ్ కోసం ఓ విదేశీ ముఠా తిరుగుతోంది. లూమిస్ దానికే కాపలా. డ్రాయింగ్ దేశం దాటిందా, షెడ్డుకి తాళమే."

"నా వేషం?"

"హెడ్డాఫీసు ఆఫీసర్."

నల్లసూటు, తెల్లచొక్కా, టై. కంపెనీలో ఎక్కడికెళ్లినా ఆ వేషాన్ని ఎవడూ రెండోసారి చూడడు. ఫ్లోరిడా షెడ్డులో మాత్రం పొట్టిచేతుల చొక్కాలవాళ్లంతా పని ఆపి మరీ చూశారు.

"పెళ్లి ఎవరిదండీ?" అన్నాడొకడు. "కప్పు కారుతుంది, సూటు జాగ్రత్త."

టార్వర్‌కి తల కొట్టేసినట్టయింది. ఇంత గూఢచారీ గుమ్మంలోనే దొరికిపోయాడు.

అతనితో నవ్వుతూ మాట్లాడింది ఇలోనా ఒక్కతే. షెడ్డుకి కంప్యూటర్ చిప్పులు అమ్మే అందగత్తె. ముఠాలో ఉంటూ మనకి కబుర్లు చేరవేసేది ఆమేనని గ్రైమ్స్ ముందే చెప్పాడు. చేతిలో ఎప్పుడూ గొడుగు. ఆ షెడ్డులో వానొస్తే లోపల కూడా గొడుగేసుకోవడం మామూలే.

శుక్రవారం ఎండ మాడ్చేస్తోంది. అయినా ఇలోనా డ్రాయింగుల బల్లమీదికి గొడుగు వంచి నిలబడింది. టార్వర్ లేచేలోపు ఆమె కారెక్కేసింది.

ఎయిర్‌పోర్టు దాకా వెంటపడి, విమానం మెట్లమీద, తలుపు మూయబోతుండగా, ఆమె చెయ్యి పట్టుకున్నాడు. గొడుగు పిడిలో బుల్లి కెమెరా.

"లూమిస్ కూడా ఈ గొడుగుని ఎండపూటే చూశాడు," అందామె, చల్లగా.

ఆమెని పోలీసులకి అప్పగించి, ఫిల్ము తెచ్చి షెడ్డు పెద్ద హాస్కిన్ ముందు పెట్టాడు. హాస్కిన్ దాన్ని వెలుగుకి పట్టి చూశాడు.

"ఈ డ్రాయింగ్‌ని మేమే పుస్తకంగా అచ్చేయిస్తున్నామయ్యా. బయటివాళ్లెవరైనా మా మెషీన్‌కి కొత్త భాగాలు చేసుకోవాలని. ఆగస్టులో షాపుల్లోకి వస్తుంది."

"గ్రైమ్స్‌కి చెప్పలేదే?"

"హెడ్డాఫీసుని మేమేదీ అడగం. అడిగితే ఆర్నెల్లు మీటింగులు పెడతారు. ఇప్పుడు చెప్పినా షెడ్డు మూసేస్తారు. నీ దయ."

టార్వర్‌కి కోపం, ఏడుపు కలిసి వచ్చాయి. "ఒక్క ఫోన్ చేసుంటే నా మనిషి బతికేవాడు."

బయట పన్నెండుమంది, సంగతేమీ తెలీక, పని చేసుకుంటున్నారు. వాళ్లని చూసి టార్వర్ ఈ సంగతి గ్రైమ్స్‌కి చెప్పకూడదనుకున్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

గ్రైమ్స్‌కి ఫోన్ చేసి ఒక్కటే అడిగాడు. "లూమిస్ భార్యకి ఏం చెప్పమంటారు?"

"కంపెనీ రహస్యం కాపాడుతూ పోయాడని. ఏ రహస్యమో మాత్రం చెప్పకు."

అలాగే చెప్పాడు. ఆగస్టులో ఆ రహస్యం ఆమె ఇంటికి రెండు వీధుల అవతలి షాపులో, అద్దాల వెనక, అమ్మకానికి వచ్చింది.