కోపానికి కొలత

"ఈ వ్యాసం రాయడానికి ఎంతసేపు పట్టింది?" అని కిర్‌స్టన్ అడిగింది. ఇరవై నిమిషాలన్నాడు ఎలోయ్.

"చదివితే అంతసేపు పట్టినట్టు లేదు. ఇంత చెత్త నేనింతవరకు చూడలేదు."

తిట్టడం ఆమె పనిలో భాగం. న్యూ మెక్సికో రాష్ట్రం ఆల్బుకర్కీలోని ఒక విశ్వవిద్యాలయంలో ఆమె కోపం మీద పరిశోధన చేస్తోంది. ప్రయోగానికి వచ్చి వ్యాసం రాసినవాళ్లలో సగంమందిని తిట్టాలి, సగంమందిని మెచ్చుకోవాలి. తర్వాత, తను తినడానికని చెప్పి, గిన్నెలో మిరపకాయ సాస్ పోయమనాలి. కోపమొచ్చినవాళ్లు ఎక్కువ పోస్తారని సిద్ధాంతం. ఆమె తినదు, తూకం వేస్తుంది.

ఎలోయ్ ఆమె ముఖం చూస్తూ సీసా ఖాళీ చేశాడు.

కిర్‌స్టన్‌కు ప్రాణం లేచొచ్చింది. అప్పటిదాకా లెక్కలన్నీ తలకిందులుగా వచ్చాయి. మెచ్చుకున్నవాళ్లు ధారగా పోశారు, తిట్లు తిన్నవాళ్లు చుక్క విదిల్చి పోయారు. ఇలాగే ఉంటే ఆపేసి కొత్త ప్రయోగం మొదలుపెట్టమని ప్రొఫెసర్ చెప్పేశారు. అంటే రెండేళ్ల పని బూడిదలో పోసిన పన్నీరే.

చివర్లో నిజం చెప్పడం నియమం. తిట్లు ఉత్తివేనని చెప్పి, "థాంక్సండీ. నామీద సరిగ్గా కోపం తెచ్చుకున్నది మీరొక్కరే" అంది.

"కోపమా? నాకా?"

"సీసా మొత్తం పోశారుగా."

ఎలోయ్ ఆమెది ఏ ఊరని అడిగాడు. మిన్నెసోటా అంది. తమ ఇంట్లో మిరియాలపొడి కూడా చుట్టాలొస్తేనే బయటికి తీస్తారని ఒప్పుకుంది.

"అదీ సంగతి. మా న్యూ మెక్సికోలో నచ్చినవాళ్లకేనండీ కారం దండిగా పెట్టేది. ఒళ్లు మండితే చప్పిడి కూడు పడేస్తాం. మా అమ్మమ్మ ఉడికించిన బంగాళాదుంపలు పెట్టిందంటే, తాతయ్య ఏదో అన్నాడని వీధి మొత్తానికీ తెలిసిపోయేది."

కిర్‌స్టన్ కంప్యూటర్ వైపు తిరిగింది. లెక్కలు మొదటినుంచీ సరిగానే ఉన్నాయి. చుక్క విదిల్చినవాళ్లంతా మండిపడి వెళ్లినవాళ్లే. ప్రొఫెసర్‌కు చూపించడానికి అది చాలు. కుదరనిది ఒక్కటే.

"తిట్టాక కూడా మీరెందుకు అంత పోశారు?"

ఎలోయ్ చెవులు ఎర్రబడ్డాయి. "తిట్టేటప్పుడు మీ చెయ్యి వణికింది. నటిస్తున్నారని తెలిసిపోయింది. ముందు పాపం అనిపించింది. తర్వాత, పాపం ఒక్కటే కాదు."

కిర్‌స్టన్ కంప్యూటర్‌లో అతని అంకె చెరిపేసింది.

"నటన కనిపెట్టినవాళ్లను లెక్కలోంచి తీసేయాలి. తీసేశాక వాళ్లతో భోజనానికి వెళ్లకూడదని నియమమేమీ లేదు."

"శనివారం మా ఇంటికి రండి. మీకు అలవాటు లేదుగా, కారం తగ్గించమని అమ్మకి చెబుతాను."

"వద్దు. తగ్గిస్తే మీ అమ్మగారికి నేను నచ్చలేదనుకుంటాను."