దిగుడు బావిలోకి పోయిన దారం

ఆ పాత కోటలోని దిగుడు బావి దగ్గర రాత్రిపూట దీపం నిలవదని పేరు. లాంతరు పట్టుకెళ్లినా, కొవ్వొత్తి పట్టుకెళ్లినా, మెట్ల మొదటి మలుపు దాటేసరికి ఆరిపోతుందట. ఆరిపోయాక ఏమవుతుందో చెప్పినవాళ్లు లేరు. చెప్పగలిగినవాళ్లు తెల్లారీ తెల్లారకముందే మూటాముల్లె సర్దుకుని, కాపలాదారుతో ఒక్క మాటైనా చెప్పకుండా బస్సెక్కేసేవారట.

అందుకే ఆ బావి పక్కనున్న గదులు చవక.

మన టైలరు వెతుక్కుంటూ వెళ్లింది కూడా సరిగ్గా ఆ చవక కోసమే. ఎక్కడికెళ్లినా సీజను అయిపోయాకే వెళ్తాడు. మనిషికి ఒక్క సంచి, అదీ ఒళ్లో పట్టేంత. బట్టలు మడతపెట్టడు, చాప చుట్టినట్టు చుడతాడు. కోటు లోపల జేబు మీద జేబు కుట్టుకుని, సబ్బు దగ్గర్నుంచి చెప్పుల దాకా అందులో కుక్కేస్తాడు. ఈసారి టార్చిలైటు బరువని ఇంట్లోనే వదిలేశాడు. ఫోన్లో ఉందిగా, అన్నాడు.

"నిన్ను వదిలేస్తే కోటని కూడా చుట్టి సంచిలో పెట్టేస్తావయ్యా," అని నవ్వేది భార్య.

నవ్వేది గానీ, ఈ ప్రయాణాలు సరదాకి మొదలైనవి కావు. ఆవిడ చూపుకి చుట్టూ అంచుల నుంచి చీకటి కమ్ముకొస్తోంది. రాత్రిళ్లు ఇప్పటికే ఏమీ కనపడదు. మిగిలింది కూడా ఎంతోకాలం ఉండదని కంటి డాక్టరు చెప్పిన రోజు ఆవిడ ఏడవలేదు. "చిన్నప్పుడు చరిత్ర పుస్తకంలో కోటలూ గోపురాలూ చూసి తెగ మురిసిపోయేదాన్ని. ఉన్నన్నాళ్లు అవి చూపించు," అంది. అప్పట్నుంచి కుట్టుపని కాస్త తగ్గితే చాలు, ఇద్దరూ సంచులు తగిలించుకునేవాళ్లు.

ఈసారి బస్సులో టైలరు నోరు జారాడు.

"ఇదే ఆఖరిది లేవే. ఇంక తర్వాత వచ్చి మాత్రం ఏం..." అని నాలిక్కరుచుకున్నాడు.

ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అన్న మాట ఎలా వెనక్కి తీసుకోవాలో టైలరుకి తెలియలేదు. అన్నదాంట్లో అబద్ధం కూడా ఏమీ కనపడలేదు. చూడ్డానికే కదా వెళ్లేది, చూపే లేకపోతే ఇంక ఎందుకు?

సాయంత్రం బావి దగ్గర కాపలాదారు అడ్డం వచ్చాడు. ముసలాయన, మంచివాడే.

"అమ్మ దిగొద్దయ్యా. మెట్లు పాచి పట్టేశాయి. కళ్లు బాగున్నవాళ్లే జారిపడుతున్నారు."

ఆవిడ అప్పటికే మొదటి మెట్టు మీద, గోడకి చెయ్యి ఆనించి నిలబడి ఉంది. "నువ్వు పైనుంచే చూడవే," అంటూ టైలరు మోచెయ్యి పట్టి వెనక్కి లాగాడు. ఆవిడ ఆ గోడని అంత తొందరగా వదల్లేదు. తనొక్కడే చరచరా అడుగుదాకా దిగొచ్చి, "ఏముందే, నీళ్లూ పాచీ," అన్నాడు. ఆవిడ ఊఁ అని ఊరుకుంది.

కొత్త గదిలో దిగితే వీళ్లకో అలవాటుంది. కోటు గుండీలకు వాడే గట్టి దారం తీసి, మంచం దగ్గర్నుంచి బాత్రూం గడియదాకా నడుమెత్తున కట్టేవాడు టైలరు. రాత్రి మెలకువొస్తే ఆవిడ దాన్ని వేళ్లతో తడుముకుంటూ వెళ్లి, అలాగే వచ్చి పడుకునేది. ఇక్కడ బాత్రూం ఆవరణకి అవతల ఉంది. అయినా సరే, గుమ్మం దాటించి అక్కడిదాకా కట్టి, మిగిలిన రీలు గడియకే వేలాడదీశాడు.

ఏ ఝామునో టైలరుకి మెలకువొచ్చింది.

పక్కన మనిషి లేదు. దుప్పటి చల్లగా ఉంది... ఇప్పుడిప్పుడే లేచినట్టు లేదు.

కాసేపు చూశాడు. రాలేదు. ఫోను జేబులో వేసుకుని, దారం పట్టుకుని బయటికొచ్చాడు. కరెంటు లేదు. చందమామ లేడు. ఆవరణ అంతా తారు పూసినట్టుంది. దారం మాత్రం వేళ్ల మధ్య బిగుతుగానే ఉంది. బాత్రూం తలుపు తగిలింది.

"ఏమే..." అన్నాడు మెల్లగా.

తలుపు తెరిచే ఉంది. లోపల ఎవరూ లేరు. గడియ తడిమాడు — ముడి లేదు. రీలు లేదు. దారం అక్కడ ఆగలేదు... ముందుకి పోతోంది.

ముడి వేసింది తను. విప్పిందెవరు?

దారం గోడ పక్కనే సాగింది. మలుపు తిరిగింది. కాళ్ల కింద ఇసుక పోయి రాయి తగిలింది. చల్లటి పాచి వాసన ముక్కుకి కొట్టింది. ఎటు పోతున్నాడో అప్పుడర్థమైంది. ఎవరో దారం మార్చారు... కళ్లు లేని మనిషి, మొగుడు కట్టిన దారం కదా అని నమ్మి, పట్టుకుని నడిచింది... నేరుగా బావిలోకి నడిచింది.

బావి మొదట్లో ఇనప కమ్మీ ఉంది. దారం దానికి కట్టేసి ఉంది. రీలు అక్కడే వేలాడుతోంది. ఆ ముడి టైలరు వేసిన ముడి కాదు.

"ఏమే..."

కింద నుంచి జవాబు లేదు. ఎక్కడో అడుగున నీళ్లు ఒక్కసారి కదిలి ఊరుకున్నాయి.

అతనికి ఏడుపొచ్చింది. బస్సులో అన్న మాటే చెవుల్లో మోగుతోంది. ఇదే ఆఖరిది... ఇదే ఆఖరిది... ఫోను లైటు వేశాడు. ఒక మెట్టు, ఇంకో మెట్టు, ఇంకోటి. మొదటి మలుపు వచ్చింది. చేతులకు చెమటలు పట్టాయి. ఫోను సబ్బుబిళ్లలా జారింది — టక్... టక్... బుడుంగ్.

చీకటి.

అది దెయ్యం పనో, చెమట పనో, ఆ సమయంలో తేల్చుకునే ఓపిక టైలరుకి లేదు. చతికిలబడ్డాడు. నిలబడే ధైర్యం లేక, చిన్నపిల్లాడిలా కూర్చునే ఒక్కో మెట్టూ జరుగుతూ దిగాడు. దేవుళ్లందరికీ కలిపి ఒకేసారి మొక్కుకున్నాడు. దిగుతున్నాడో, పడుతున్నాడో...

తడి చెయ్యి ఒకటి అతని మణికట్టు పట్టుకుంది.

"అరవకు. నేనే."

భార్య గొంతు! టైలరుకి ఊపిరి తిరగడానికి కొంచెంసేపు పట్టింది. తిరిగాక కోపమొచ్చింది.

"చచ్చేవాణ్ణే! ఎవరు తీసుకొచ్చారే నిన్నిక్కడికి?"

"ఎవరు తీసుకొస్తారు? గడియ దగ్గర ముడి విప్పి, రీలు పట్టుకుని నేనే వచ్చా. పగలైతే నువ్వు దిగనివ్వవుగా. పిలిచినప్పుడు పలికితే పైకి రమ్మంటావని ఊరుకున్నా."

"కనపడకుండా ఎలా దిగావు?"

ఆవిడ అతని అరచెయ్యి లాగి గోడకి ఆనించింది. రాతిలో నడుమెత్తున ఒక గాడి, చెయ్యి సరిగ్గా ఇమిడేంత. లోపల ఏళ్ల తరబడి అరిగి నున్నగా ఉంది. మెట్టు దిగిన చోట గాడీ దిగుతోంది. మలుపు వచ్చే ముందు చిన్న గుంట.

"సాయంత్రం మొదటి మెట్టు మీదే చేతికి తగిలింది," అంది గుసగుసగా. "చీకట్లో దిగేవాళ్ల కోసమే చెక్కారయ్యా. పొద్దు పొడవకముందే నీళ్లకొచ్చేవాళ్లకి దీపాలెక్కడివి? నువ్వు రెండు కళ్లతో దిగొచ్చి నీళ్లూ పాచీ అన్నావు."

టైలరుకి సిగ్గేసింది. ఆ గాడిలోంచి చెయ్యి తీయబుద్ధి కాలేదు.

"ఒక్కటి చెప్పు. ఇదే ఆఖరిదా? నాకు చూపు పోయాక ఇంక ఎక్కడికీ తీసుకెళ్లవా?"

అతను నోరు తెరిచాడు...

పైనుంచి చప్పుడు. సర్... సర్... రాతి మీద అరచెయ్యి జారుతున్నట్టు. మలుపు దగ్గర ఒక క్షణం ఆగింది. మళ్లీ సర్... సర్... దగ్గరకొస్తోంది. అడుగుల చప్పుడు లేదు.

"కా... కాపలాదారా?" అన్నాడు. ఆవిడకే వినపడేంత మెల్లగా.

"కాదు. ఇందాకట్నుంచి ఇది మూడోసారి," అంది ఆవిడ, పక్కింటావిడ సంగతి చెప్పినంత మామూలుగా. "నువ్వు గోడ వదిలి ఇటు జరుగు. నీళ్లకొచ్చేవాళ్లకి ఈ గోడ కావాలి. దారివ్వు."

టైలరు జరిగాడు. చల్లగా ఏదో అతని భుజం పక్కనుంచి, తాకీ తాకనట్టు, దిగిపోయింది. అడుగున ఎవరో నీళ్లు ముంచుకున్నట్టు చప్పుడైంది.

ఆవిడ ఇంకా మొగుడి జవాబు కోసమే చూస్తోంది.

"చెప్పవేం? ఇదే ఆఖరిదా?"

"కాదు," అన్నాడు టైలరు, పళ్లు టకటకా కొట్టుకుంటుంటే. "కాదే, నీకు దణ్ణం పెడతా... ఎక్కడికంటే అక్కడికి వెళ్దాం. ముందు నన్ను పైకి తీసుకెళ్లు."