మామగారి స్టీరియో అడిగిన నంబరు

పొద్దున్నే మామగారు కారు తుడిచి, అద్దాలు సరిచేసుకుని, స్టీరింగు ముందు కూర్చుంటారు. కోడలు భోజనం డబ్బా పట్టుకుని పరుగున వచ్చి పక్క సీట్లో కూలబడుతుంది. "బెల్టు," అంటారాయన. ఆమె పనిచేసే వినికిడి యంత్రాల క్లినిక్కు ముందు కారు ఆపి, "జాగ్రత్త," అంటారు. ఆమె పెళ్లయి ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఆ ఇద్దరి మధ్యా నడిచిన కబుర్లన్నీ కలిపితే ఈ రెండు మాటలే.

మనిషి చెడ్డవాడేం కాదు. ఆయన ప్రాణం పెట్టి వినే వయొలిన్ కచేరీల రేడియో స్టేషను మూతపడింది. దాంతో ఆయనా, ఆయన కారూ కలిసి మూగనోము పట్టారు. కారుతో పాటే వచ్చిన పాత స్టీరియో అది. రేడియో, క్యాసెట్టు తప్ప దానికి మరో విద్య తెలియదు. "పెద్ద తెర ఉన్న కొత్త సెట్టు బిగిస్తా నాన్నా," అని కొడుకు ఎన్నిసార్లు పోరినా ఒకటే జవాబు.

"దీని బటన్లు నా వేళ్లకి తెలుసురా. కొత్తవాటితో పరిచయాలు పెట్టుకునే ఓపిక నాకు లేదు."

కొత్తవాటితో అన్న మాట కోడలికి ఎక్కడో తగిలింది. ఆమె మనసులో అప్పటికే ఇంకో ముల్లుంది. ఆ ఇంటి గేటుకి అంకెల తాళం. అందరూ టకటకా నొక్కి లోపలికి వస్తారు. ఆమెకి మాత్రం ఆ నంబరు ఎవరూ చెప్పలేదు. నాలుగు రోజులు పోతే వాళ్లే చెబుతారులే అనుకుంది. ఆ తర్వాత నోరు తెరిచి అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. రోజూ సాయంత్రం బెల్లు కొట్టి, చుట్టపుచూపుగా వచ్చినదానిలా గేటు బయట నిలబడేది. అత్తగారు మోకాళ్లు పట్టుకుని మెట్లు దిగి వచ్చి తీసేవారు.

ఒక సెలవు రోజున మామగారు క్షవరానికి బయలుదేరగానే కోడలు కొంగు బిగించింది. స్టీరియో వెనక, సీడీ పెట్టె తగిలించుకునేందుకు ఫ్యాక్టరీ వాళ్లు వదిలిన సాకెట్టు ఒకటి ఖాళీగా ఉందని ఆమె ముందే తెలుసుకుంది. దానికో తీగ కలిపి, రెండో కొస బయటికి తెస్తే ఫోన్‌లో పాట కారులో వినిపిస్తుంది. స్టీరియో మొహం మీద గీత కూడా పడదు. క్లినిక్కులో ఆమెకో అలవాటుంది, కరెంటు తీయకుండా ఏ యంత్రం మీదా చెయ్యి వేయదు. అందుకని బుద్ధిగా ముందు బ్యాటరీ తీగ ఊడదీసింది.

ఆ బుద్ధే కొంప ముంచింది. పనంతా ముగించి, బ్యాటరీ తగిలించి తాళం తిప్పేసరికి, చిన్న తెర మీద "కోడ్" అని వెలిగింది. దొంగల భయానికి పెట్టిన ఏర్పాటది. ఒకసారి కరెంటు పోతే, తన రహస్య నంబరు చెప్పేదాకా స్టీరియో పెదవి విప్పదు. కోడలు భర్తని కేకేసింది.

"ఓస్, ఇంతేనా!" అంటూ భర్త వచ్చి తన పుట్టినరోజు నొక్కాడు. కాదంది. అమ్మానాన్నల పెళ్లిరోజు నొక్కాడు. అదీ కాదంది. మూడుసార్లు తప్పితే ఇక శాశ్వతంగా మూగేనని కారు పుస్తకంలో ఉంది. ఇంకొక్క అవకాశమే మిగిలింది.

సరిగ్గా అప్పుడే మామగారు నున్నటి మెడతో వచ్చారు.

"నా కారులో ఏం చేస్తున్నారు?"

"నంబరు అడుగుతోంది నాన్నా..." కొడుకు నీళ్లు నమిలాడు. "నా పుట్టినరోజు కొట్టి చూశా."

"అది ఫ్యాక్టరీ వాడు పెట్టిన నంబరురా, మీ అమ్మ పెట్టింది కాదు!"

"ఆ నంబరున్న కార్డు మీరే భద్రంగా దాచారుగా," అన్నారు అత్తగారు గుమ్మంలోంచి. "మీరు భద్రంగా దాచారంటే ఇక దొరకదనేగా!"

మామగారు కోడలి వైపు తిరిగారు. "బాగున్నదాన్ని కెలకడం దేనికమ్మా? నన్నొక్క మాట అడగొచ్చుగా?"

"అడిగితే మీరు మాట్లాడతారా మామయ్యగారూ?" అంది కోడలు. "రోజూ ఆ పలకని రేడియో నొక్కుతారు, ఓ నిట్టూర్పు విడిచి కట్టేస్తారు. చూడలేక, మీ కచేరీలు ఫోన్‌లో పెట్టి వినిపిద్దామనుకున్నా. ఇన్నాళ్లుగా గేటు నంబరే చెప్పలేదు నాకు. స్టీరియోకి కూడా ఓ నంబరుంటుందని నాకెలా తెలుస్తుంది?"

అంతే, ఇన్నాళ్లూ దాచుకున్న ఏడుపంతా ఒక్కసారి పొంగుకొచ్చింది.

అత్తగారు నోటి మీద చెయ్యి వేసుకున్నారు. "అయ్యో నా తల్లీ! నీకు నంబరు తెలీదా? మా కోడలెంత మర్యాదస్తురాలో, బెల్లు కొట్టకుండా లోపల అడుగుపెట్టదని పక్కింటావిడకి గొప్పలు చెప్పుకుంటున్నానే! వీడు చెప్పుంటాడనుకున్నా."

"నువ్వు చెప్పావనుకున్నానమ్మా."

తల్లీకొడుకులిద్దరూ పెద్దాయన వైపు చూశారు.

"నేనూ మీరే చెప్పుంటారని..." ఆయన మధ్యలో ఆగిపోయారు. "ఉండండుండండి. గేటుకి తాళం బిగించినప్పుడు, కొత్త నంబరైతే మర్చిపోతానని, నాకు అప్పటికే కంఠతా వచ్చిన నంబరే పెట్టాను. అదెక్కడిదీ..." ఒక్కసారిగా నుదురు కొట్టుకున్నారు. "ఈ స్టీరియోదే! కారు బ్యాటరీ మార్చినప్పుడల్లా నొక్కిందే! చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది నా పని!"

ఆయన గబగబా కారెక్కి పక్క సీటు తట్టారు. "రామ్మా. నేను చెబుతా, నువ్వు నొక్కు."

"ఒక్కటే అవకాశం మామయ్యగారూ. మీరే నొక్కండి."

"ఎప్పుడో నీ చేతికి రావాల్సిన నంబరు. నువ్వే నొక్కాలి."

ఒక్కో అంకె ఆయన చెబుతుంటే ఆమె నొక్కింది. ఆ నాలుగంకెలూ ఇక్కడ రాయడం కుదరదు, ఒకరింటి తాళం కదా. తెర ఒకసారి ఆరి, పచ్చగా వెలిగింది. ఆమె ఆ తీగకి ఫోను తగిలించి, తొందరలో ఏదో నొక్కబోయి ఏదో నొక్కింది. నాలుగు స్పీకర్లూ దద్దరిల్లేలా, ముందురోజు సాయంత్రం అత్తగారు ఫోన్‌లో తన గొంతుతో పంపిన కబురు మోగింది.

"అమ్మాయ్, వచ్చేటప్పుడు ఉల్లిపాయలు పట్రా. మీ మామగారికి చెప్పకు, కుళ్లినవన్నీ ఏరుకొస్తారు!"

కొడుకు పగలబడి నవ్వాడు. అత్తగారు కొంగుతో మొహం కప్పుకున్నారు. "రేడియో మూతపడిందని ఉత్తినే బెంగపడ్డాను," అన్నారు మామగారు, "దీన్ని మించిన స్టేషను ఇంట్లోనే ఉంది!" కోడలు ఏడుస్తూనే నవ్వింది.

తర్వాత వయొలిన్ మొదలైంది. ఆయన కళ్లు మూసుకున్నారు. రెప్పల కింద తడి చేరింది. తేరుకుని అందరినీ కారెక్కించారు. దారి పొడుగునా ఒకటే మాటలు. ఈ మలుపు విను, ఈ కమాను లాగడం చూడు, కుర్రతనంలో నేనూ నేర్చుకోబోయి మా నాన్న చేత తిట్లు తిన్నాను తెలుసా అంటూ, చెప్పిందే మళ్లీ చెప్పారు. కోడలు ప్రతిసారీ కొత్తగా విన్నట్టే విన్నది.

తిరిగి వచ్చి గేటు ముందు ఆగగానే కోడలు దిగింది. అలవాటుగా ఆమె వేలు బెల్లు మీదకి పోయింది. వెనక నుంచి హారను మోగింది. తిరిగి చూస్తే మామగారు కిటికీలోంచి తల బయటపెట్టి ఉన్నారు.

"ఎవరింటికొచ్చావమ్మా, బెల్లు కొట్టడానికి?"

ఆమె పమిట చెంగుతో కళ్లు తుడుచుకుని నాలుగంకెలూ నొక్కింది. తాళం తెరుచుకుంది. గేటు రెక్కలు రెండూ బార్లా తెరిచి, పక్కకి జరిగి, వాళ్లందరినీ తనే లోపలికి రమ్మంది.