చింతపిక్కల బొంత

గళ్ళు గళ్ళుగా కుట్టిన చిన్న బొంత అరల్లో చింతపిక్కలు పోసి మూతులు కుడుతోంది హారతి. ఆఖరి వరస. వంటింట్లోంచి తల్లి సంపూర్ణమ్మ కేకేసింది.

"పెసలు పొయ్యలేదు కదే? పురుగు పడుతుంది."

"పిక్కలేనమ్మా. కడిగి ఎండబెట్టినవే."

బొంత ఒళ్ళో పరిస్తే మోకాళ్ళు దాటదు. అది పాపాయి కోసం. ఆరేళ్ళ పాపాయికి సందడి పడదు. సన్నాయి వినిపించినా, ఎవరైనా ముద్దుగా బుగ్గమీద వేలు ఆనించినా తన చెయ్యి తానే కొరుక్కుంటుంది. ఒళ్ళో కాస్త బరువుంటే మాత్రం కుదురుగా కూర్చుంటుంది. వాళ్ళ నాన్నకి విశాఖపట్నం ట్రాన్స్‌ఫరైంది. రేపు పొద్దున్నే తల్లి సారికతో కలిసి పాపాయి వెళ్ళిపోతోంది.

పాపాయి వెళ్ళిపోతే, రోజూ సాయంత్రం దాన్ని బండిమీద తీసుకొచ్చే మేనమామా ఇక రాడు. అది తలుచుకున్నప్పుడల్లా హారతి వేలికి సూది గుచ్చుకుంటోంది.

ఆ మేనమామ, మణిదీప్, మొదటిసారి వచ్చిన రోజు గుర్తొచ్చి నవ్వొచ్చింది. అప్పటికి హారతి ఇలాంటి పిల్లలకి నేర్పే ట్రైనింగ్ రాజమండ్రిలో పూర్తిచేసి వచ్చిన కొత్త. పాపాయిని చాపలో చుట్టి, తల బయట ఉంచి, పైన దిండు వేసి భుజాల నించి కాళ్ళదాకా అరచేతులతో నొక్కుతోంది. అతను గుమ్మంలోంచే అరిచాడు.

"ఏంటండీ ఇది! పిల్లని చాపలో కట్టేసి నలిపేస్తున్నారా?"

"పూతరేకు చుడుతున్నానండి," అంది హారతి చెయ్యి తియ్యకుండానే. "మీరలా అరిస్తే విరిగిపోతుంది."

అతను ఇంకేదో అనబోయాడు. చాపలోంచి పాపాయి కిలకిలా నవ్వి, "ఇంకా!" అంది. ఆ పిల్లకి వచ్చిన కాసిని మాటల్లో అదొకటి.

మర్నాడు చాప ముందు మణిదీపే కూర్చున్నాడు. వేళ్ళ కొనలతో తాకాడు. పాపాయి ఉలిక్కిపడి తన్నింది.

"అలా ఈకతో రాసినట్టు రాస్తే దానికి చిరాకండి. అరచెయ్యి మొత్తం ఆనించాలి. నిదానంగా, గట్టిగా. సగం సగం పనికిరాదు. అది వద్దంటే మాత్రం వెంటనే తీసెయ్యాలి."

"మీకూ అంతేనా టీచరు గారూ? సగం సగం పనికిరాదా?"

"నన్ను కాదండి, చాపని చూడండి."

అలా ఏడాది గడిచింది. కడియంలో తమ మొక్కల నర్సరీలో పాపాయి చేత మట్టి నింపిన చిన్న కుండీలు మోయించి, "ఇవాళ నా మేనకోడలు మీకన్నా ఎక్కువ పని చేసిందండి," అని వచ్చి చెప్పేవాడు. వానొస్తే తగ్గేదాకా కూర్చునేవాడు. తగ్గిందని ఇద్దరిలో ఎవరూ అనేవారు కాదు.

హారతి తండ్రి ముసలయ్య ఆ నర్సరీలోనే మొక్కలకి అంట్లు కట్టే కూలీ. ఆ సంగతి మణిదీప్ ఎప్పుడూ పట్టించుకోలేదు. హారతి ఎప్పుడూ మర్చిపోలేదు.

వాకిట్లో బండి ఆగింది. పాపాయి పరుగెత్తుకొచ్చి బొంతని ఒళ్ళోకి లాక్కుంది. బయట చినుకులు మొదలయ్యాయి. మణిదీప్ ఇవాళ వేళాకోళమేం ఆడలేదు.

"హారతి గారూ," అన్నాడు. టీచరు గారూ అనలేదు. "రేపట్నించి మీ ఇంటికి రావడానికి నాకు సాకు లేదు. సాకు లేకుండా రమ్మంటారా? మా అమ్మతో మాట్లాడాను, సరేనంది. ముసలయ్య గారినీ అడుగుతాను. ముందు మీరు చెప్పాలి."

వంటింట్లో రోలు చప్పుడు ఆగిపోయింది.

రండి అంటే చాలు. ఆ మాట గొంతుదాకా వచ్చింది కూడా. ఈలోగా నర్సరీలో జనం ఏమనుకుంటారో, రేపు నాన్న ఏ మొహం పెట్టుకుని పనిలోకి వెళతాడో అనిపించింది.

"బొంతని అప్పుడప్పుడూ ఎండలో వెయ్యమనండి, మీ అక్కగారిని," అంది.

"నేనడిగింది బొంత గురించి కాదండి."

"పడుకున్నప్పుడు కప్పొద్దనండి. ఒళ్ళో వరకే."

"పోనీ, వద్దనైనా అనండి."

హారతి దారం కొరికింది. అది అప్పటికే తెంపేసిన దారం.

వాన జోరందుకుంది. పాపాయి లేచొచ్చి హారతి నడుం చుట్టూ చేతులు వేసి, పొట్టలో మొహం దూర్చి గట్టిగా పట్టుకుంది. తనంతట తాను ఎవరిమీదా చెయ్యి వెయ్యని పిల్ల. హారతి దాని వీపుమీద అరచేతులు ఆనించి నొక్కింది.

"ఇంకా," అంది పాపాయి.

ఇప్పుడు చెప్పేద్దామని హారతి తలెత్తింది. మణిదీప్ తల వంచుకుని బొంత మడత పెడుతున్నాడు. వాన తగ్గేదాకా ఎలాగూ ఆగుతాడులే అనుకుంది. ఏడాదిగా ఆగుతూనే ఉన్నాడు కదా.

అతను పాపాయిని ఎత్తుకున్నాడు. దాని భుజాల చుట్టూ బొంత కప్పి, గుమ్మం దిగి, వానలోకే వెళ్ళిపోయాడు.