వెచ్చదారి

మూసీ కూడలిలోకి అడుగుపెట్టేముందు అందరూ చెప్పులు విడిచి, భుజాన వేలాడే గుడ్డసంచిలో వేసుకునేవారు. అదేం గుడి కాదు, నది మీద పది అంతస్తులుగా లేచిన స్టేషను. అడుగున పడవలు, వాటిపైన లోకల్ రైళ్లు, ఆపైన మెట్రోలు, అన్నిటికన్నా పైన తీగల మీద జారే బండ్లు. ఇరవై రెండో శతాబ్దం గుమ్మం దాకా వచ్చిన హైదరాబాదులో సగం మంది రోజూ అక్కడ ఒక బండి దిగి ఇంకో బండి ఎక్కాల్సిందే.

వెనకటికి అక్కడ బండి మారాలంటే తల ప్రాణం తోకకొచ్చేది. గోడలనిండా బాణం గుర్తుల బోర్డులుండేవి గానీ, రెండు బోర్డులు పక్కపక్కన చేరితే మనిషికి మూడో దిక్కు తోచేది. ఇప్పుడా బోర్డులు లేవు. కళ్లు మూసుకుని ఉత్తకాలు నేలకి ఆనిస్తే చాలు, వెళ్లాల్సిన వైపు నేల గోరువెచ్చగా తగులుతుంది. అటు అడుగేస్తే ఆ ముందు పలక వెచ్చబడుతుంది. అలా ఆ వెచ్చదనం వెంటే నడుచుకుంటూ పోతే మనిషి తన బండి తలుపు దగ్గర తేలతాడు.

పలకల కింద జుట్టుకన్నా సన్నని తీగలు పరిచారు. పాదగ్రాహులనే సెన్సర్లు అరికాలి గీతలను బట్టి ఎవరిదా పాదమో, ఎక్కడికి టికెట్టు తీసుకుందో కనుక్కుంటాయి. ఆ పాదానికి తగిలే వేడి పక్క పాదానికి తగలదు. ప్రభుత్వ సంఘం దీనికి ‘ఉష్ణపథ నిర్దేశిక వ్యవస్థ’ అని పేరు పెట్టింది. ఆ పేరు పలికేలోపు రైలు వెళ్లిపోతుంది కనక జనం ‘వెచ్చదారి’ అనుకున్నారు. దాన్ని నడిపే కృత్రిమ మేధను నేలమ్మ అన్నారు. చెవిలో పూసంత యంత్రం పెట్టుకుంటే ఆమెతో మాట్లాడొచ్చు కూడా. కానీ మాట్లాడేదెవరు? కూడలిలో అందరూ సగం నిద్రలో ఉంటారు. లక్షల ఉత్తకాళ్లు ఒకేసారి నడుస్తుంటే కొబ్బరాకుల మీద సన్నవాన పడుతున్నట్టుంటుంది. ఎవరూ ఎవరినీ గుద్దుకోరు, ఎవరూ ఎవరినీ చూడరు. బండి మారే ఆ కాసేపూ రోజు మొత్తంలో తీయనిదని ఊరంతా అనుకునేది.

ఈ వెచ్చదారిని కనిపెట్టిన మనిషి వకుళ. అరవైకి దగ్గరపడిన శాస్త్రవేత్త. ఆమె కూడా రోజూ చెప్పులు సంచిలో వేసుకుని, తను కనిపెట్టిన నేల మీదే కళ్లు మూసుకుని నడిచి ల్యాబుకి వెళ్లేది. తన వంట తనకి నచ్చినవాళ్లలాగే ఆ నడకంటే ఆమెకి లోలోపల గర్వం.

ఒక ఉదయం ల్యాబులో ఇలియాస్ అనే ఇంజనీరు ఆమె కుర్చీ పక్కన నిలబడి కాసేపు నసిగాడు.

“మేడమ్, ఒక గమ్మత్తు చూపిస్త. కోప్పడొద్దు.”

తెర మీద కూడలి పటం. అందులో ఒక పచ్చగీత మెలికలు తిరిగి ఉంది.

“ఇది మీ పాదం మేడమ్. ఉప్పల్ బండి దిగి మన ల్యాబు బండి ఎక్కాలంటే నాలుగో అంతస్తు వంతెన దాటితే సరిపాయె. మీరేమో కిందికి దిగి, చేపల తొట్టి చుట్టు తిరిగి, మళ్ల పైకెక్కుతున్నరు. రోజూ గదే దారి. ఇంకో పాదం గూడ గిట్లనే ఆ వంతెన తప్పించుకొని అటుదిక్కుకెల్లి తిరిగిపోతది. మీరిద్దరు వచ్చేది ఒకటే టైముకు. ఒక్కనాడు గూడ ఎదురుపడలే. నేలమ్మ లెక్కల ఏదో తప్పున్నట్టుంది.”

“ఎవరిదా పాదం?”

“మంజరి అని ఉంది మేడమ్. శుక్రవారం పొద్దుగాల నిర్మల్ బండికి ఒకదిక్కే టికెట్ తీసుకున్నది. ఇగ ఈ కూడలికి రానట్టే ఉంది, పాదం రద్దు చెయ్యమని రాసింది.”

మంజరి వకుళ చెల్లెలు. ఏ ఊళ్లో ఉందో తెలియదని ఎవరడిగినా చెబుతూ వచ్చిన చెల్లెలు. రోజూ అదే కప్పు కింద నడుస్తోందన్నమాట. ఇంకో మూడు రోజులైతే ఆ నడక కూడా ఉండదు.

చిన్నప్పుడు ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్లినప్పుడల్లా వాళ్లమ్మ ఒకటే చెప్పేది. “తప్పిపోతే ఉన్నకాడనే నిలబడుర్రి. వెతుక్కుంట నేనొస్త.” అమ్మ ఆస్పత్రిలో ఆఖరి ఘడియల్లో ఉన్నప్పుడు కబురందుకుని అక్కాచెల్లెళ్లిద్దరూ బయల్దేరారు. ఇదే నది ఒడ్డున అప్పుడుండే పాత స్టేషన్లో బండి మారాలి. జనం తోపులాటలో చేతులు విడిపోయాయి. చూసుకునేసరికి ఒకరు ఈ ప్లాట్‌ఫారం మీద, ఒకరు ఎదుటి ప్లాట్‌ఫారం మీద. అమ్మ మాట ఇద్దరికీ ఒంటబట్టింది. ఎవరికి వారు తప్పిపోయింది తామేననుకుని, ఉన్నచోటే నిలబడి, రమ్మని చేతులూపుకున్నారు. మధ్యలోంచి బండ్లు వెళుతూనే ఉన్నాయి. ఆస్పత్రికి చేరేసరికి అమ్మ లేదు.

“నువ్వొచ్చుంటే అమ్మ నోట్ల ఇన్ని నీళ్లు పోసేటోళ్లం,” అంది వకుళ.

“నువ్వెందుకు రాలే?” అంది మంజరి.

వాళ్లు మాట్లాడుకున్న ఆఖరి మాటలవే. ఆ తర్వాత వకుళ పట్టుదలగా పదిహేనేళ్లు పనిచేసి, ఈ ఊళ్లో ఇంకెవరూ బండి మారేచోట తప్పిపోకుండా నేలనే వెచ్చబరిచింది. అందుకు ఆమెకి శాలువాలు చాలానే కప్పారు.

మర్నాడు కూడలిలో వకుళ చెవిపూస పెట్టుకుంది.

“నేలమ్మా, నన్ను మంజరి దగ్గరికి తీసుకెళ్లు.”

“అలాగే వకుళా. కళ్లు మూసుకుంటావా?”

“రోజూ చేసేదేగా.”

పాదాల కింద వెచ్చదనం పాకింది. వకుళ నడిచింది. మూసిన కళ్ల వెనక ఎండలో ఆరేసిన చీరల మధ్య ఇద్దరు ఆడపిల్లలు దాక్కుంటున్నారు. చీర తొలగిస్తే ఇంకో చీర. గంజి వాసన. ఎవరిదో నవ్వు, పట్టుకోబోతే పక్క చీర వెనక్కి పోతోంది. వకుళకి గుండె నిండిపోయింది. వచ్చేశాననుకుని కళ్లు తెరిచింది.

ఎదురుగా రోజూ ఎక్కే ల్యాబు బండి తలుపు తెరుచుకుని ఉంది.

“నన్ను మోసం చేశావు!” అంది వకుళ గట్టిగా. పక్కనున్నవాళ్లు నిద్రలోనే మొహం చిట్లించారు. “ఇన్నేళ్లూ నన్ను దాని కంటపడకుండా తిప్పింది నువ్వే. ఇలియాస్‌కి చెప్పి నా దారిలో వేడంతా ఆపించేస్తాను.”

“ఆపడానికి ఏముంది?” అంది నేలమ్మ. ఆమె గొంతులో కోపం లేదు, కోపం పెట్టలేదు కూడా ఎవరూ. “దారి తెలిసిన పాదానికి వేడి దండగ అని నియమం రాసింది నువ్వే. రోజూ వచ్చేవాళ్ల కింద నేను తీగలు వెలిగించను. నీ దారిలో నేల చల్లబడి ఆరేళ్లయింది.”

“అబద్ధం. నాకు వెచ్చగా తగులుతోంది.”

“అది నీ వేడే.”

వకుళ వంగి అరచేయి నేలకి ఆనించింది. రాయి చల్లగా ఉంది.

“ఇవాళ మాత్రం నిజంగానే వెలిగించాను,” అంది నేలమ్మ. “వంతెన వైపు. మలుపు దగ్గర నీ పాదాలు చేపల తొట్టి వైపు తిరిగాయి. వెచ్చదనం అటే ఉందనుకున్నావు. మొదట్లో ఒకరోజు నువ్వు ఆ వంతెన మీద మంజరిని చూశావు వకుళా. ఆమె కూడా నిన్ను చూసింది. ఇద్దరూ వెనక్కి తిరిగారు. మర్నాటి నుంచి కళ్లు మూసుకుని నడిచారు. నేను ఎవరినీ తిప్పలేదు, మీ వెనక వచ్చానంతే.”

వకుళకి చెవులదాకా వేడెక్కింది. ఆ రోజు చూసింది చెల్లెలి పోలికలున్న ఇంకెవరినో అని తనకి తనే చెప్పుకుంది. అలా చెప్పుకున్న సంగతి మర్చిపోవడానికి కూడా ఆమెకి ఎక్కువ రోజులు పట్టలేదు. చెల్లెలికి మొహం చాటేసింది తనే. నెపం వేయడానికి పది అంతస్తుల నేల కట్టుకుంది.

శుక్రవారం ఉదయం వకుళ చెవిపూస ఇంట్లో వదిలేసి, కాళ్లకి చెప్పులతో, తెరిచిన కళ్లతో కూడలిలోకి వచ్చింది. నాలుగు మలుపులు తిరిగేసరికి దారి తప్పింది. నిర్మల్ బండి ఎక్కడికొస్తుందో చెప్పే బోర్డు ఒక్కటీ లేదు. తీయించింది ఆమే కనక ఎవరినీ తిట్టుకోవడానికి కూడా వీల్లేదు. చుట్టూ జనం మూసిన కళ్లతో, మొహాన చిరునవ్వుతో మంచులో నడిచినట్టు నడిచిపోతున్నారు. ఒకాయన చేయి పట్టుకుని అడిగింది. ఆయన కళ్లు నులుముకుని, “నాకేం ఎరుకమ్మా, కాళ్లు తీస్కపోతయి, నేను పోత,” అని మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

కాలుకాలిన పిల్లిలా మెట్లెక్కి దిగి, ఎక్కి దిగి, చివరికి ఒక ప్లాట్‌ఫారం మీద తేలింది. ఊపిరి తీసుకుని తలెత్తేసరికి పట్టాలకి అవతల, ఎదుటి ప్లాట్‌ఫారం మీద, నెరిసిన జుట్టుతో, పెట్టె పక్కన మంజరి నిలబడి ఉంది. ఆమె కాళ్లకీ చెప్పులున్నాయి. కళ్లు తెరుచుకుని ఎవరికోసమో చూస్తోంది.

చూపులు కలిశాయి. మంజరి చేయి సగం లేచి ఆగింది.

వకుళ అలవాటుగా నిలబడిపోయింది. తప్పిపోయినవాళ్లు కదలకూడదు. వెతికేవాళ్లు వస్తారు. వెతికే అమ్మ లేదని తెలిసి కూడా ఇన్నేళ్లూ ఇద్దరూ ఆ మాటే పట్టుకుని నిలబడ్డారు. వకుళకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే మెట్లవైపు పరిగెత్తింది. అడుగడుగునా కాళ్లు వెనక్కి లాగాయి. వంతెన ఎక్కి, దాటి, అవతల ప్లాట్‌ఫారం మీదికి దిగింది.

అక్కడ పెట్టె లేదు. మంజరి లేదు.

“అక్కా!”

వెనక్కి తిరిగి చూస్తే, తను ఇప్పటిదాకా నిలబడ్డచోట మంజరి పెట్టె పట్టుకుని రొప్పుతోంది. అక్క కోసం ఆమె ఇంకో చివరి మెట్ల మీదుగా అటు దాటింది. ఇద్దరూ ఒకేసారి నవ్వారు. నవ్వుతూనే మంజరి మళ్లీ పెట్టె ఎత్తింది.

“నువ్వు కదలకు మంజూ!” వకుళ కేక కూడలంతా వినిపించింది. నడిచేవాళ్లు కొందరు కళ్లు తెరిచారు. “ఆడనే ఉండు. నేనొస్తున్న!”

వెనక్కి మెట్లెక్కింది. వంతెన మధ్యకొచ్చేసరికి కింద నిర్మల్ బండి వచ్చి ఆమె ఇప్పుడే వదిలివచ్చిన ప్లాట్‌ఫారం దగ్గర ఆగింది. వకుళ మెట్ల మీద తడబడి, ఒక చెప్పు జారిపోతే రెండోదీ వదిలేసి దిగింది. నేల చల్లగా ఉంది. ఆ చల్లదనం మీదే చెల్లెలి దగ్గరికి నడిచి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. మంజరి చేతులు మాత్రం అమ్మ చేతుల్లా వెచ్చగా ఉన్నాయి.

ఎదుటి ప్లాట్‌ఫారం మీంచి బండి కదిలి వెళ్లిపోయింది.

“బండి పోయింది కదనే,” అంది వకుళ.

“పోనీ తియ్. సాయంత్రం ఇంకోటున్నదట.” మంజరి కొంగుతో అక్క మొహం తుడిచింది. “అది ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తదో నీకెరుకనా?”

వెచ్చదారి కనిపెట్టిన మనిషి పది అంతస్తులవైపూ ఒకసారి తలెత్తి చూసింది.

“తెల్వదు,” అంది.

“అయితే కదలకు. ఇద్దరం ఈడనే ఉందాం,” అని మంజరి పెట్టెని నేలమీద పడుకోబెట్టి, సగం జాగాలో తను కూర్చుని, మిగతా సగం అక్కకి చూపించింది.